వేడి పుట్టని డ్రయ్యరు



భాద్రపద, ఆశ్వయుజ మాసములలో మన అత్తిబెలెలో మిద్దెపై వేసిన బట్ట యారదు. అందుచే మనలో కొందరము విద్యుత్ డ్రయ్యరులను తెచ్చుకొంటిమి. అది తిరుగుచుండియు వేడి పుట్టింపనిచో నేమి చేయవలెనో విన్నవింతుము.

రెండు తొట్ల వాషింగ్ మెషీనులో మనము డ్రయ్యరని పిలుచు తొట్టి నీటిని విదలించునే గాని వేడి చేయదు. దాని యందు లోపము వెదకనక్కరలేదు.

అమెరికాలోని మన పిల్లలు ఫోనులో "ఒక ఫ్యూజు పోయియుండును" అందురు. అచ్చట 120 వోల్టుల తీగెలు రెండు కలిసి వేడితీగెకు 240 వోల్టుల నందించును. అందొకటి పోయినను పీపా తిరుగవచ్చును, వేడి మాత్రము పుట్టదు. మన యిండ్లలోని డ్రయ్యరునకు వచ్చునది 230 వోల్టుల ఒకే ఫేజు. ఆ సలహా యిచ్చట పనికిరాదు.

మొదట మీట చల్లగాలిపై నున్నదేమో చూడుడు. పిమ్మట ప్లగ్గు తీసి, నూగు పట్టు జల్లెడను, గాలి గొట్టమున్నచో దానిని శుభ్రపరుపుడు. నూగు అడ్డుపడిన గాలి యాడదు. లోపల వేడి మితిమీరి థర్మల్ ఫ్యూజు తెగును. నిక్రోము వేడితీగె తెగుటయు కలదు. ఈ రెంటిని మల్టీమీటరుతో పరీక్షించుట మెకానిక్కు పని.

నూగు తీయక క్రొత్త ఫ్యూజు వేసిన నదియు తెగును. ఫ్యూజునకు బదులు తీగె ముక్క కలిపి నడిపింతునని యెవరైన ననినచో ఒప్పుకొనకుడు. నూగు దూదివలె అంటుకొనును. ఆ యంత్రమేమో మన పిల్లలు నిదురించు గది ప్రక్కనే యున్నది.