ఆరంభశూరత్వము – దేహబలము

(ఒక వ్యాయామశాల వార్షికసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ సభలో దేహబలమును గూర్చి మాటలాడుటకు మమ్ము పిలిచిరి. న్యాయస్థానమున గొంతునకే గాని కండరములకు పని యుండదు గదా, ఈయన యేమి చెప్పునని కొందఱికి సందేహము కలుగవచ్చును. కాని సభకు ముందు కార్యదర్శిగారు హాజరుపట్టీని మా చేతికిచ్చిరి. కాగితములు చదువుట మా వృత్తి. జనవరి నెల పేర్లు రెండు పుటలు నిండియున్నవి. ఉగాది నాటికి ఒక పుట. తొలకరి నాటికి అర పుట. దసరాకు వచ్చుసరికి, పట్టీ వ్రాయు గుమాస్తాతో కలిపి, వ్రేళ్ళపై లెక్కింపదగినవారే మిగిలిరి. ఇట్లయిన వచ్చే యేడు భవనపు అద్దె చెల్లించుట కష్టమనియు, శాలను నిలుపుటయో మూయుటయో నేటి సభయే తేల్చవలెననియు వారు చెప్పిరి. కనుక మా మాటలు ఈ పట్టీని గూర్చియే.

ఆంధ్రులు ఆరంభశూరులను మాటను మనము చిన్ననాటినుండి వినుచున్నాము. మనవారే చెప్పుకొని నవ్వుకొను మాట యిది. ఈ యపవాదును మేమంగీకరింపము. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడుగారు ఇనుపగొలుసులు తెంచుటయు, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనుటయు దేశమెల్ల నెఱుగును. 1942లో ఆయన మరణించిన పిమ్మటగూడ ఆ కథలు మనయిండ్లలో నిలిచియున్నవి. గొలుసు తెగిన క్షణమును వేలమంది చూచిరి. దాని వెనుక తెల్లవారుజామున తీసిన దండములను, బస్కీలను చూచినవారెందఱు? ఆ కళింగసీమలోనే పెరిగిన కరణం మల్లీశ్వరి 12వ యేట బరువు పట్టినది. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో స్నాచి పద్ధతిని 110 కిలోలు, క్లీన్ అండ్ జర్కు పద్ధతిని 130 కిలోలు, మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము తెచ్చినప్పుడు ఆమెకు 25 ఏండ్లు. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతమహిళ యామె. ఈ రెండు వయస్సుల నడుమ నున్న 13 ఏండ్లను మనవారు లెక్కకు తెచ్చుకొనరు. పతకము నొక్కదానినే తలచుకొందురు.

మఱి పట్టీ యేల సన్నగిల్లుచున్నది? సోమరితనమని పెద్దలందురు. మాకట్లు తోచదు. జనవరి చలిలో లేచి వచ్చి రెండు పుటలు నింపినవారు సోమరులెట్లగుదురు? వారిని వెళ్ళగొట్టినది తొందర. మొదటినాడే నూఱు దండములు తీసినవాడు మఱునాడు తల దువ్వుకొనుటకు చేయి యెత్తలేడు. ఆ నొప్పి రెండు మూడు దినములలో దానంతట నదియే తగ్గును. కాని దానిని చూచి బెదరినవాడు తిరిగి గడప త్రొక్కడు.

ఈ నొప్పిని దాటినవారికి మఱియొక మలుపు కలదు. క్రొత్తగా బరువు పట్టినవానికి మొదటి కొన్ని వారములలో బలము త్వరగా పెరుగును. అది ముఖ్యముగా కండ పెరుగుటవలన గాదు. ఉన్న కండచేత చక్కగా పనిచేయించుటను నాడీమండలము నేర్చుకొనుటవలన. ఆ నేర్పు కుదిరిన పిమ్మట కండయే పెరుగవలెను. కండ నెమ్మదిగా పెరుగును. అద్దమున మార్పు కనబడదు, తూకమున కనబడదు. సరిగా ఈ తావుననే మన పట్టీలోని పేర్లు జారిపోవుచున్నవి. వారికి ఓపిక లేదనుటకంటె, ముందుగా ఈ సంగతి చెప్పినవారు లేరనుట న్యాయము.

లెక్క చూడుడు. 20 కిలోల ఇనుపకడ్డీతో మొదలిడి వారమునకు అర కిలో చొప్పున కలుపుకొనుచు పోయినచో ఏడాది తిరుగునప్పటికి 46 కిలోలగును. అన్ని వారములును అట్లు సాగవు. ముందునకు పోయినకొలది నెలకు అర కిలో కలియుటయు గొప్పయే. ఐనను మూడవనాడే 46 కిలోలకు చేయి చాచి నడుము పట్టించుకొన్నవానికంటె వీడు మేలు గదా!

మా న్యాయస్థానములలో వాయిదా యను పదార్థ మొకటి కలదు. వ్యాజ్యములు తీర్పులవలన చచ్చుట అరుదు. వాయిదాలవలన చచ్చుట తఱచు. కాని కోర్టువారి వాయిదాకు తేదీయైన నుండును. ‘రేపటినుండి’ యని మనము దేహమున కిచ్చు వాయిదాకు తేదీ యుండదు. కావున దినమును, వేళను ముందే నిర్ణయించుకొనవలెను. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2020లో ప్రకటించిన సూచనలలో పెద్దవారికి బలసాధన వారమునకు రెండు దినములైన నుండవలెననిరి. దినమునకు 45 నిమిషములనుకొనుడు. వారమునందలి 10,080 నిమిషములలో 90 నిమిషములు! నూటికొక పాలుకూడ గాదు.

అలవాటు ఎన్నినాళ్ళకు కుదురును? 21 దినములని ప్రచారములో నున్నది. లండను విశ్వవిద్యాలయ కళాశాలవారు 96 మందిని పరిశీలించి 2009లో ప్రకటించిన దానిలో మధ్యస్థముగా 66 దినములని తేలెను. కొందఱికి 18 చాలునని, కొందఱికి 254 పట్టునని యంచనా. ఒకనాడు తప్పినంతమాత్రమున అలవాటు చెడలేదనికూడ వారు కనుగొనిరి. ఈ చివరిమాటను గోడపై వ్రాయించిన బాగుండునని మా యభిప్రాయము. పెండ్లిండ్లు వచ్చును, పరీక్షలు వచ్చును, కోతలు వచ్చును, జ్వరము వచ్చును. రెండు మూడు వారములు మానినను బలము చాలవఱకు నిలుచును. అంతకు మించి మానినవానికిని మొదటిసారికంటె త్వరగా తిరిగివచ్చును. బరువు కొంత తగ్గించి మఱల మొదలిడిన చాలును. తప్పిన వారములకంటె, తప్పెనను సిగ్గే యెక్కువమందిని ఇంట కూర్చుండబెట్టుచున్నది.

ఇది పడుచువారి వినోదమని తలంపకుడు. లోకమాన్య తిలకు బలహీనదేహుడై కళాశాలలో చేరి, మొదటి సంవత్సరమును చదువుకంటె దేహసాధనకే యెక్కువగా వినియోగించెను. ఆ దేహమే 1908 నుండి 1914 వఱకు మాండలే కారాగారమును భరించినది. గీతారహస్యము అచ్చటనే వ్రాయబడినది. అమెరికాలోని బోస్టనునందు సుమారు 90 ఏండ్ల వృద్ధులచే ఎనిమిది వారములు కాళ్ళతో బరువు లెత్తించి చూచి, వారి కాళ్ళ బలము రెట్టింపునకు మించెనని 1990లో ప్రకటించిరి. మన యిండ్లలో తాతగారు నులకమంచము నుండి లేచుటకు మనుమని చేయి వెదకుచున్నారు. ఆయనకు ఈ శాల తలుపు తెఱచియున్నదని ఎవరైన చెప్పిరా?

డబ్బాలలో అమ్ము పొడులను గూర్చి ఒక యువకుడు మమ్మడిగెను. పప్పు, పెరుగు, గ్రుడ్డు, వేరుసెనగలు చాలినంత తినలేని యింట ఆ డబ్బాకు వేలు పోయుట మాకు సమ్మతము గాదు.

ఇక సభవారికి కొన్ని సూచనలు. పట్టీలో హాజరుతోపాటు ఆనాడెత్తిన బరువును వ్రాయుడు. అద్దము చూపని మార్పును ఆ యంకె చూపును. సాయంకాలము ఒక గంట స్త్రీలకు, ఉదయము ఎండ యెక్కిన పిమ్మట ఒక గంట వృద్ధులకు విడువుడు. రెండు వారములు రానివాని యింటికి ఒకరు పోయి పిలువుడు. ఎందుకు రాలేదని మాత్ర మడుగకుడు. గ్రంథాలయోద్యమ సేవకులుగా మేము చేయుచున్న పని యిదియే: తిరిగిరాని పుస్తకము కొఱకు పోయి, పుస్తకముతో పాఠకునిగూడ తోడ్కొనివత్తుము.

అద్దెలో మూడు నెలల సొమ్మును మా వంతుగా కార్యదర్శిగారికి ముట్టజెప్పితిమి. తక్కిన తొమ్మిది నెలలకు పేర్లు కావలెను. తీర్మానము ఆయన చేతిలో నున్నది. చదువుటకు వేచియున్నారు గనుక మేము కూర్చుందుము.