వాలుదారిలో గేరు
(ప్రసంగ పాఠం)



సండూరు కొండల నుండి తోరణగల్లు వైపు ఇనుప ఖనిజపు లారీ దిగుతున్నప్పుడు దానిని నిగ్రహించేది బ్రేకు మాత్రమేనని చాలామంది నమ్మిక. ఆ భారంలో అధిక భాగాన్ని మోయవలసినవి గేరుబాక్సు, ఇంజిను.

ఇంజిను స్వభావం విచిత్రమైనది. నిమిషానికి కొన్ని వందల చుట్లయినా తిరగనిదే అది బతకదు. చక్రమో, నిలిచిన చోటు నుండి కదలాలి. ఈ రెంటి నడుమ రాయబారం నెరపేవి పళ్లచక్రాలు. ఇంజిను వైపున్న 15 పళ్ల చక్రం 60 పళ్ల చక్రాన్ని త్రిప్పితే, చిన్నది నాలుగు చుట్లు తిరిగేసరికి పెద్దది ఒక చుట్టు తిరుగుతుంది. వేగం నాలుగో వంతవుతుంది. త్రిప్పే బలం, రాపిడిలో పోయే స్వల్పభాగం మినహా, నాలుగింతలవుతుంది. గునపంతో బండను లేపేవాడు చేసేదీ ఇదే.

నేటి గేరుబాక్సులలో ముందుకు నడిపే పళ్లచక్రాలు ఎప్పుడూ ఒకదానినొకటి పట్టుకొనే ఉంటాయి. గేరు రాడ్డు కదిపినప్పుడు ఒక జారుడు కడియం వాటిలో కావలసినదానిని షాఫ్టుకు బిగిస్తుంది. అంతకు ముందు రెండింటి వేగాలు సమం కావాలి. ఆ పని చేసే ఉంగరాల అమరిక, అనగా సింక్రోమెష్, 1928లో అమెరికాలోని కాడిలాక్ కార్లలో మొదట వచ్చింది. అంతకు పూర్వం డ్రైవర్లు చెవితో విని వేగం సరిపెట్టేవారు. గొప్ప విద్యే అది!

బళ్లారి షెడ్లలో తెలుగూ కన్నడమూ ఉర్దూ కలిసి వినిపించినా, గేరు, క్లచ్ అనే మాటలు మాత్రం అన్నింటా ఒకటే. గేరు వేయబోగానే కర్రుమంటే దోషం గేరుదేనని తొందరపడరాదు. తరచు క్లచ్ పూర్తిగా విడవకపోవడమే కారణం. క్లచ్ బాగుండి, ఏదో ఒక్క గేరులోనే చప్పుడు వస్తే ఆ ఉంగరం అరిగి ఉంటుంది. వేసిన గేరు దానంతటదే ఊడివస్తే కడియపు పళ్లు అరిగి ఉండవచ్చు, లేదా దానిని నిలిపే స్ప్రింగు సడలి ఉండవచ్చు. ఈ ప్రాంతానికి ప్రత్యేక శత్రువు ఎర్రదుమ్ము. గేరుబాక్సు ఊపిరి తీసుకొనే చిన్న రంధ్రాన్ని అది మూసివేస్తే, లోపలి వేడిగాలి నూనెను సీళ్ల గుండా వెలుపలికి నెడుతుంది. రంధ్రం శుభ్రపరచనిదే ఎన్ని సీళ్లు మార్చినా ఫలితం ఉండదు. 2011 జులైలో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఈ జిల్లా గనులు నిలిచినట్లుగా పని నిలిచి, లారీలు నెలల తరబడి కదలకుంటే మరొక చిక్కు: క్లచ్ ప్లేటు తుప్పుపట్టి ఫ్లైవీలుకు అతుక్కొనిపోవచ్చు, అప్పుడు పెడలు తొక్కినా విడవదు.

అన్నిటికన్న ప్రమాదకరమైనది యంత్రదోషం కాదు, ఒక అలవాటు: డీజెలు మిగులుతుందని దిగుడులో న్యూట్రలు చేయడం. 16 టన్నుల లారీ 100 మీటర్ల ఎత్తు నుండి దిగితే వెలువడే శక్తి సుమారు 1.57 కోట్ల జౌళ్లు. 30 డిగ్రీల వేడిమి గల 50 లీటర్ల నీటిని మరిగే స్థితికి తేవడానికి అది చాలు. లారీ తగిన గేరులో ఉంటే ఇందులో పెద్ద భాగాన్ని ఇంజిను ఎదుర్కొంటుంది. న్యూట్రల్లో ఆ వేడి దాదాపు అంతా బ్రేకు డ్రమ్ములపైనే పడుతుంది. మితిమీరి వేడెక్కిన లైనింగు పట్టు కోల్పోతుంది. అప్పుడు భయపడి గేరు వేయబోతే పడదు. చక్రాలు షాఫ్టును అతివేగంగా త్రిప్పుతుంటాయి, ఇంజిను మందంగా తిరుగుతుంటుంది. అంతటి అంతరాన్ని పూడ్చడం ఆ చిన్న ఉంగరాల తరం కాదు.

ఆదా కూడా భ్రమే. గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే వాలే ఇంజినును త్రిప్పుతుంది, డీజెలు దాదాపు అందదు. న్యూట్రల్లో ఇంజిను ఆగకుండా ఉండటానికే డీజెలు కావాలి.

ఏ గేరులో ఎక్కవలసి వస్తుందో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్ల లెక్క. నేటి బలమైన ఇంజిన్లు పై గేరులోనే కొండ ఎక్కుతాయి గనుక, దిగేటప్పుడు ఇంకొక గేరు తగ్గించవలసి రావచ్చు. అదీ వాలు మొదలు కాకముందే, లారీ నెమ్మదిగా ఉండగానే. ఎగ్జాస్టు బ్రేకు ఉన్న లారీలోనైనా అది పనిచేయాలంటే గేరు పడి ఉండవలసిందే.