దానము నుండి హక్కుకు



1956లో, కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో, ప్రజల విరాళాలతో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం ఆరంభమైనది. పిమ్మట ప్రభుత్వం ఆ వ్యయంలో పాలుపంచుకున్నది. 2001లో సుప్రీంకోర్టు దేశమంతటా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టవలెనని ఆదేశించినది. దానమే హక్కుగా మారిన చరిత్ర ఇది.

2009 నాటి విద్యాహక్కు చట్టం ఎనిమిదవ తరగతితో ఆగిపోయినది. కనుక మన స్టేషనుకు, మన పోస్టాఫీసుకు చేరువనున్న ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో 9, 10 తరగతుల పిల్లల నోటుపుస్తకాలకు, పరీక్ష ఫీజులకు ప్రతి శాఖా జీతాలనాడు చందా వసూలు చేయవలెనని కోరుచున్నాము. ఆ సొమ్మును ప్రధానోపాధ్యాయుని ద్వారా, ఫొటోలు, సభలు లేకుండా అందజేయుదము. ఏ బిడ్డా తలవంచి పుచ్చుకొనరాదు. ఆ ఖర్చు ప్రభుత్వమే భరించవలెనని అదే నెలలో మహజరు సమర్పించుదము. ఈ రెండు పనులను కలిపియే చేయుదము.