లెక్క ఎప్పుడు పడుతుంది?

 

మా అనంతపురం వైపు డబ్బును లెక్క అంటాం. నేను మండలంలో ఉద్యోగం చేసే రోజుల్లో ఒకావిడ ప్రతి సోమవారం వచ్చేది. కొంగుముడి విప్పి, చెమటకు మెత్తబడిపోయిన పాస్‌బుక్ తీసి నా బల్ల మీద పెట్టేది. "సారూ, మా లెక్క ఎప్పుడు పడుతుంది?" అనేది. నడి వేసవిలో నీటికుంట తవ్విన కూలి అది. మస్టరు పూర్తయింది, కొలతలు రాశారు, బిల్లు మమ్మల్ని దాటి పైకి వెళ్లింది. పైన నిధులు లేవు. "వచ్చేవారం పడుతుందిలేమ్మా" అనేవాణ్ణి. నాకే నమ్మకం లేని ఆ మాట ఎన్ని సోమవారాలు చెప్పానో!

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మా జిల్లా బండ్లపల్లిలోనే. ఊళ్లలో కరువు పని అంటారు. పదిహేను రోజుల్లో కూలి ఇవ్వాలనీ, ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం పరిహారం కట్టాలనీ ఆ పథకం నిబంధన. 3,000 రూపాయల కూలి మీద అది రోజుకు రూపాయిన్నర. ఈలోగా ఇల్లు గడవాలి కదా, ఆవిడ మూడు రూపాయల వడ్డీకి 3,000 అప్పు తెచ్చుకుంది. అంటే రోజుకు మూడు రూపాయలు. ఆ రూపాయిన్నర పరిహారమైనా ఆమె ఖాతాలో పడలేదు. చివరికి కూలి పడింది, పడిన రోజే అప్పుకి పోయింది. తర్వాతి సోమవారం ఆవిడ రాలేదు. పిల్లల్ని తీసుకుని బెంగళూరు బస్సెక్కిందని ఫీల్డ్ అసిస్టెంట్ చెప్పాడు.

మా రిజిస్టరులో పని అడిగినవాళ్లు ఒకరు తగ్గారు.

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న పిల్లలూ, నన్ను ఇన్నేళ్లుగా తొలిచేస్తున్నది ఇదే. పథకం నిధులకు కోత అని చెప్పి ఎవరూ కోయరు. కూలి ఆలస్యం చేస్తే జనం వలస పోతారు. వలస పోతే పనికి గిరాకీ తగ్గిందంటారు. గిరాకీ తగ్గింది కనుక కేటాయింపు తగ్గిస్తారు. కరోనా ఏడాది 2020-21లో ఈ పథకానికి కేంద్రం లక్షా పదివేల కోట్లకు పైగా ఖర్చు పెట్టింది. 2023-24 బడ్జెట్‌లో పెట్టింది 60,000 కోట్లు. అవసరమైతే మళ్లీ ఇస్తామన్నారు, ఆ ఏడాది తర్వాత పెంచారు కూడా. కాదనను. కానీ ఢిల్లీలో సవరణ అయ్యేదాకా ఆవిడ పొయ్యి ఆగదు. ఇప్పుడు ఉపాధి హామీ చట్టం స్థానంలో 125 రోజుల కొత్త చట్టం వచ్చింది. కూలిలో 40 శాతం చాలా రాష్ట్రాలు తామే పెట్టుకోవాలి. ఖజానా ఖాళీగా ఉన్న రాష్ట్రంలో ఆ 40 శాతం ఎప్పుడొస్తుందో నాకు భయంగా ఉంది.

అసలు అంకె కదపకుండానే, ధరలు పెరగనిచ్చి కోత పెట్టొచ్చు. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా, 80 ఏళ్ల లోపు వాళ్లకు, 2007 నుంచి నెలకు 200 రూపాయలే. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రం తన డబ్బు కలిపి 4,000 ఇస్తోంది కాబట్టి మన అవ్వాతాతలకు ఆ నొప్పి తెలియడం లేదు. రాష్ట్రం అంత కలపలేని చోట ఆ ముసలివాళ్లు ఏం తింటున్నారో ఆలోచించండి.

మీలో కొందరికి ఇది ఎక్కడో జరిగిన కథ కాదని నాకు తెలుసు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే, మీ అమ్మ చెవుల కమ్మలు కుదువపెట్టి తెచ్చిన డబ్బు కట్టి ఉంటారు. బడ్జెట్ పుస్తకంలో ఆ పథకానికి కేటాయింపు నిండుగానే కనిపిస్తుంది. ఆ కమ్మలు మాత్రం ఇంకా కుదువలోనే ఉన్నాయి.

రేపు మీరు ట్రెజరీలోనో, బ్యాంకులోనో, సెక్రటేరియట్‌లోనో కూర్చుంటారు. మీ ముందుకొచ్చే కాగితంలో బకాయి అని ఒక గడి ఉంటుంది, అందులో కోట్ల అంకె ఉంటుంది. దయచేసి దాని పక్కన ఇంకో గడి గీయండి. ఎంతమందికి, ఎన్ని రోజులుగా అని రాయించండి. నా ఉద్యోగమంతా ఆ గడి గీయకుండానే గడిచిపోయింది.