చెప్పుల డబ్బాలో పాఠం

 

ఆటిజం ఉన్న చిన్నపిల్లలకు చేత్తో తయారుచేసే బోధన సామగ్రి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము వెంట తెచ్చినవి ఇవే: చెప్పుల డబ్బా, సీసా మూతలు, బట్టల క్లిప్పులు, పాత పెళ్లిపత్రికల వెనక అంటించిన ఫొటోలు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వైపు మేము కలిసిన తల్లిదండ్రుల్లో కొందరు అప్పుచేసి ఖరీదైన ప్లాస్టిక్ కిట్లు కొన్నారు. అవి చెడ్డవని కాదు. అయితే ప్లాస్టిక్ యాపిల్‌ను గుర్తుపట్టిన పిల్లవాడు అమ్మ కోసి పెట్టిన యాపిల్‌ను గుర్తుపట్టకపోవచ్చు. ఒకచోట నేర్చినది ఇంకోచోట వాడుకోవడం ఈ పిల్లల్లో చాలామందికి కష్టం. అందుకే వాళ్లింటి గ్లాసునే, వాళ్లింటి చెప్పులనే ఫొటో తీసి కార్డు చేస్తాం. దాహమైతే గ్లాసు కార్డు తెచ్చి అమ్మ చేతిలో పెట్టాలి. ఇది మేము కనిపెట్టింది కాదు. 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించిన పద్ధతి. కార్డులు అలవాటైతే ఇక మాటలు రావేమోనని దాదీలు, నానీలు భయపడతారు. పరిశోధనల్లో అలా తేలలేదు. అడగడం చేతకాక నేలకు తల కొట్టుకునే పాపకు ముందు అడిగే దారి కావాలి కదా!

ఒక బాబుకు మెట్రో అంటే ప్రాణం. ఎల్.బి.నగర్‌లో రైలు ఆగిపోయినా దిగడు. అట్టముక్క మీద దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి.నగర్ ఫొటోలు వెల్క్రోతో అంటించాం. స్టేషన్ రాగానే ఒకటి తీసి సంచిలో వేయాలి, ఫొటోలు అయిపోతే దిగాలి. మొదట్లో ఏడ్చాడు. ఇప్పుడు ఆఖరి ఫొటో తనే పీకి తలుపు దగ్గర నిలబడుతున్నాడు. వాళ్ల నాన్న అడిగితే వుజూకూ అలాగే, చేతుల నుంచి పాదాల దాకా, ఏడు ఫొటోల పట్టీ చేశాం.

ఇక ఈ డబ్బా. మూతకు చీలిక పెట్టాం, పక్కన పది సీసా మూతలు. అవన్నీ లోపల పడితే పని అయిపోయినట్టే. ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు మాత్రం మూతలు వద్దు, పెద్ద బంతులు ఇవ్వండి.

ఈ డబ్బాలు పరీక్షలకు, శిక్షణకు బదులు కావు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది, అక్కడికి తీసుకెళ్లండి. 2016 చట్టం ఆటిజాన్ని వైకల్యంగా గుర్తించింది, సర్టిఫికెట్ కూడా తీసుకోండి.

ఇవాళ మేము చందా అడగడం లేదు. చెప్పుల డబ్బాలు, పెళ్లిపత్రికలు పారేయకండి. నెలకు ఒక ఆదివారం కత్తెర పట్టగలవారు, లామినేషన్ దుకాణం ఉన్నవారు సభ అయ్యాక కాసేపు ఆగండి.