గుత్తేదారు కూలీ - వేతనపు కోత

హైదరాబాదునుండి షోలాపురమునకు పోవు రహదారిమీద నున్న జహీరాబాదులో ట్రాక్టర్ల కర్మాగారము కలదు. చుట్టుప్రక్కల చెరకు పండును. ఇట్టి పారిశ్రామిక పట్టణములలో కర్మాగారపు గేటులో అడుగిడు వారందరును యజమాని స్వంత పట్టీలోనివారు కారు. పలువురిని గుత్తేదారు పంపును. పని ఒకరికి చేయుట, కూలి మరొకరి చేతినుండి పొందుట! నడుమ కోతపడినచో జవాబుదారి యెవరు?

2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వేతనముల కోడు దీనికి స్పష్టముగా బదులు చెప్పుచున్నది. గుత్తేదారు చెల్లింపనిచో సంస్థ యజమానియే చెల్లింపవలెను. 1970నాటి కంట్రాక్టు కార్మిక చట్టము చెప్పినదియు ఇదియే.

చట్టము పేర్కొన్న కారణములకు తప్ప కూలి కోయరాదు. పనికి రానిచో రాని కాలమునకు మాత్రమే కోత. సామాను చెడినచో కార్మికుని నిర్లక్ష్యము కారణమై యుండవలెను. అతని సంజాయిషీ వినవలెను. జరిమానా ఆ నెల వేతనములో నూటికి 3 మించరాదు. అన్ని కోతలును కలిసి సగము దాటరాదు. నెలకు 12,000 రూపాయల వేతనము గలవానికి జరిమానా హద్దు 360, మొత్తము కోతల హద్దు 6,000. పని చూపినందుకని గుత్తేదారు చేతిలో పెట్టిన పైకమును కూడ చట్టము కోతగనే యెంచును.

ఇక షిఫ్టు రద్దు సంగతి. దినకూలికి కనీస వేతనము నిర్ణయమైన చోట, పని చాలక మధ్యాహ్నమే పంపివేసినను పూర్తి దినపు కూలి ఈయవలెను. హాజరుపట్టీలో పేరున్నవాడు వేళకు వచ్చి, రెండు గంటలలోగా పని దొరకనిచో, ఆనాడు లే-ఆఫ్ అయినట్లే. 50 మందికి తగ్గని కర్మాగారమున, ఏడాది ఎడతెగక పనిచేసినవానికి మూలవేతనము, కరువుభత్యములలో సగము పరిహారము రావలెను. బదిలీ కూలీలకును, తాత్కాలికులకును, ఋతువునుబట్టి నడచు పరిశ్రమలకును ఇది వర్తింపదు.

ఇందొక మెలిక యున్నది. వేళకు హాజరు కానివానికి ఈ పరిహారము లేదు. కావున "రేపు రావలదు" అని ఫోనులో చెప్పిరని ఇంట కూర్చుండరాదు. గేటుకడకు పోయి హాజరు వ్రాయించుకొనవలెను.

వేతనపు చీటీ ఇచ్చుట యజమాని విధి. చెల్లించితినని ఋజువు చేయు భారమును అతనిదే. అక్రమపు కోతపై మూడేండ్లలోగా నియమితాధికారి కడ దావా వేయవచ్చును. కార్మికుని పక్షమున రిజిస్టరైన సంఘమును వేయవచ్చును. మీ యింటినుండి పనికి పోవువారు ప్రతినెల చీటీని అడిగి తెచ్చి, పదిలపరచుట మేలు. కోత యెందుకు పడినదో ఆ కాగితమే చెప్పవలెను.