ప్రయాణమున పైకము భద్రము

పాలమూరు కూలీలు పూణెనుండి ఇంటికి మరలునపుడు, నెలల కష్టార్జితమంతయు ఒక్క చేతిసంచిలో నుండుట మేము పలుమారులు చూచితిమి. అర్ధరాత్రి బస్సు టీకొట్టు వద్ద ఆగును. సంచిని సీటుపై విడిచి దిగుదురు. దొంగకు ఆ పది నిమిషములే చాలును. మన అవ్వలవలె పైకమును రొంటిని దోపుకొనుట మేలు. పోయిన బట్టలను మరల కొనవచ్చును.

నేడు పలువురికి కూలి ఫోనుద్వారానే అందుచున్నది. అది పోయినచో తక్షణము సిమ్మును ఆపించి, బ్యాంకుకు తెలుపవలెను. రైలులోనైనచో 139కు చెప్పవచ్చును. దొంగతనము షోలాపురమున జరిగినను ఫిర్యాదును మహబూబ్‌నగరు ఠాణాలోనే ఈయవచ్చును. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత అందుకు వీలు కల్పించినది. “మా హద్దు కాదు” అన్నను వెనుదిరుగక, బస్సు టికెట్టు చూపి వ్రాయించుడు; నమోదైన ఫిర్యాదు ప్రతిని మీకు ఉచితముగా ఈయవలసియున్నది.